థ్రాష్ వదిలేసిన అయిదు ఆల్బమ్‌లు: ఏది వినాలి, ఏది పక్కన పెట్టాలి

మెటాలికా మాస్టర్ ఆఫ్ పపెట్స్, మెగాడెత్ రస్ట్ ఇన్ పీస్, స్లేయర్ రెయిన్ ఇన్ బ్లడ్ లాంటి థ్రాష్ (అతి వేగంగా, కోపంగా సాగే హెవీ మెటల్) ఆల్బమ్‌లు అరిగిపోయేదాకా విన్నారు. ఇంకేం ఉన్నాయా అని అదే బ్యాండ్ పేరు నొక్కి కిందికి వెళ్తే, 1996 దగ్గరో 1999 దగ్గరో చెయ్యి ఆగిపోతుంది. ఎవరిని అడిగినా రెండే మాటలు. ఒకరు "అది ముట్టుకోకు, అక్కడే పాడైపోయారు" అంటారు. ఇంకొకరు "అసలు పాటలు రాయడం అప్పుడే నేర్చుకున్నారు" అంటారు. ఈ ఇద్దరి మధ్య ఇరుక్కున్నవాళ్ల కోసమే ఇది.

ఇక్కడ అయిదు ఆల్బమ్‌లు తీసుకున్నాను: మెటాలికా లోడ్ (1996), స్లేయర్ డయాబొలస్ ఇన్ మ్యూజికా (1998), క్రియేటర్ ఎండొరామా (1999), మెగాడెత్ రిస్క్ (1999), మళ్లీ మెటాలికాదే సెయింట్ యాంగర్ (2003). లోడ్‌కి తమ్ముడు రీలోడ్ (1997) కూడా దాంతోనే వస్తుంది. మెటాలికా రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి చేసిన లూలూని లెక్కలోకి తీసుకోలేదు. అది బ్యాండ్ దారి మార్చడం కింద రాదు, పక్క దారిలో చేసిన ఒక ప్రయోగం. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించిన మర్నాడే అది బయటికొచ్చింది. వర్షంలో, బురదలో నిలబడి గొంతు పోయేలా అరిచి వచ్చినవాళ్లకు అది మంచి బహుమతి అనిపించి ఉండదు.

అసలు అందరూ ఒకేసారి ఎందుకు మారారు? 1991 ఆగస్టు 12న మెటాలికా నల్ల అట్ట ఆల్బమ్ వచ్చింది. ఆరు వారాల తర్వాత నిర్వాణా నెవర్‌మైండ్ వచ్చింది. వేగం తగ్గించి, పాట చిన్నది చేస్తే ఎంత దూరం పోవచ్చో మొదటిది చూపించింది. పొడుగు జుట్టు, పొడుగు గిటార్ సోలో పాతబడిపోయాయని రెండోది చెప్పింది. ఆ తర్వాత పదేళ్లు ప్రతి థ్రాష్ బ్యాండూ ఏదో ఒక రకంగా ఈ లెక్క తేల్చుకోవాల్సి వచ్చింది. ఆంథ్రాక్స్ గాయకుణ్ణి మార్చింది. టెస్టమెంట్ 1997లో అందరికీ ఎదురు దిక్కుకు తిరిగి, డెమానిక్‌లో డెత్ మెటల్ వైపు వెళ్లి ఇంకా బరువెక్కింది.

దేన్నిబట్టి తూచాలి

ఫ్యాన్స్ సాధారణంగా ఒకటే కొలత వాడతారు: థ్రాష్ నుంచి ఎంత దూరం పోయారు? నా ఉద్దేశంలో ఈ కొలత పనికిరాదు. ఈ అయిదింటిలో థ్రాష్‌కి అందరికంటే దూరం పోయింది క్రియేటర్. అయినా నిరాశపరచడంలో అందరికంటే వెనకే ఉంది. వేగం, కోపం, డబుల్ బాస్ (రెండు కాళ్లతో దడదడా కొట్టే పెద్ద డ్రమ్) అన్నీ తిరిగి తెచ్చుకున్నది సెయింట్ యాంగర్. దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు వినడానికి మాత్రం ఓపిక కావాలి. కాబట్టి నేను చూసేవి వేరు.

ముందుగా, బ్యాండ్ పేరు చెరిపేసి వింటే పాట నిలబడుతుందా? ఎవరో కొత్త రాక్ బ్యాండ్ పాట అనుకుని వినండి. అప్పుడూ మళ్లీ పెట్టాలనిపిస్తే సరే.

రెండోది గొంతు. థ్రాష్‌లో గాయకుడు అరిచినా నడిచిపోతుంది, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) కాపాడుతుంది. వేగం తగ్గగానే గొంతు ఒంటరిగా బయటపడుతుంది. కొత్త సంగీతాన్ని మోయగలిగే గొంతు ఆ గాయకుడికి ఉందా లేదా అన్నది చాలా ఆల్బమ్‌ల తలరాత తేల్చేసింది.

మూడోది, ఈ మార్పు కోరుకున్నది ఎవరు? బ్యాండ్‌లో ఒక్కరైనా మనస్ఫూర్తిగా కోరుకుంటే అది వినబడుతుంది. రేడియో కోసం చేసినా అదీ వినబడుతుంది.

నాలుగోది కత్తెర. సీడీలో దాదాపు 80 నిమిషాలు పడతాయని తెలిశాక, 80 నిమిషాలూ నింపాలనే రోగం ఆ రోజుల్లో చాలామందికి పట్టింది. రెయిన్ ఇన్ బ్లడ్ మొత్తం 29 నిమిషాలే అన్న సంగతి గుర్తుంచుకోండి.

జుట్టు కత్తిరించుకున్నారు, కళ్లకు కాటుక పెట్టుకున్నారు, అట్ట మీద బొమ్మ బాగోలేదు లాంటివి నేను లెక్కలోకి తీసుకోను. చెవులకు వాటితో పనిలేదు.

| ఆల్బమ్ | ఎటు మళ్లింది | థ్రాష్ ఎంత మిగిలింది | ప్రధాన లోపం | ముందు ఈ పాట వినండి |
|---|---|---|---|---|
| లోడ్ | బ్లూస్, సదరన్ రాక్, కంట్రీ | దాదాపు లేదు | నిడివి | బ్లీడింగ్ మీ |
| డయాబొలస్ ఇన్ మ్యూజికా | నూ మెటల్ (ర్యాప్, మెటల్ కలగలుపు) గ్రూవ్ | సగం | ఒకేలా సాగే పాటలు | బిటర్ పీస్ |
| ఎండొరామా | గోథిక్ (చీకటి, దిగులు నిండిన రాక్) | లేదనే చెప్పాలి | మధ్యలో కాస్త నీరసం | గోల్డెన్ ఏజ్ |
| రిస్క్ | రేడియో రాక్ | లేదు | నమ్మకం లేకపోవడం | ఇన్‌సోమ్నియా |
| సెయింట్ యాంగర్ | పచ్చి గరాజ్ శబ్దం | వేగం ఉంది, నిర్మాణం లేదు | స్నేర్ డ్రమ్ చప్పుడు, నిడివి, సోలోలు లేకపోవడం | ఫ్రాంటిక్ |

లోడ్: కత్తెర దొరికితే మంచి ఆల్బమ్

అయిదేళ్లు ఎదురుచూసినవాళ్లకు 14 పాటలు, 79 నిమిషాలు ఇచ్చారు. అమెరికాలో మొదటి వారమే 6,80,000 కాపీలు అమ్ముడుపోయి నేరుగా మొదటి స్థానంలో కూర్చుంది. అంటే కొన్నవాళ్లూ, తిట్టినవాళ్లూ చాలావరకు ఒకరే.

వినేటప్పుడు ఒక చిన్న సంగతి గమనించండి. అప్పటిదాకా మెటాలికా ఆల్బమ్‌లలో రిథమ్ గిటార్ (పాటను నడిపే గిటార్) దాదాపు అంతా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక్కడే వాయించేవాడు. ఎడమ, కుడి రెండు స్పీకర్లలోనూ అదే చెయ్యి. అందుకే ఆ రిఫ్‌లు గోడ కట్టినట్టు వినిపించేవి. లోడ్‌లో సోలోలు వాయించే కర్క్ హామెట్ కూడా రిథమ్ వాయించాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే రెండు గిటార్లు వేరువేరు దారుల్లో నడుస్తూ, ఒకదాని ఖాళీలో ఒకటి దూరడం తెలుస్తుంది. ఆ గోడ పోయింది, దాని స్థానంలో గాలి వచ్చింది. కొందరికి ఇదే నచ్చలేదు. నాకు మాత్రం ఈ ఆల్బమ్‌లో ఇదే అందం.

హెట్‌ఫీల్డ్ గొంతు ఈ మార్పుకు సరిపోయింది. పదహారేళ్ల వయసులో తల్లిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్నవాడు అతను. అంటిల్ ఇట్ స్లీప్స్‌లో, మామా సెడ్‌లో ఆ బాధ నేరుగా పలుకుతుంది. మామా సెడ్ అచ్చమైన కంట్రీ పాట. థ్రాష్ గాయకుడు ఇలా పాడగలడని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. బ్లీడింగ్ మీ ఎనిమిది నిమిషాలు మెల్లగా కాగి, చివరికి పొంగుతుంది. దీన్ని వాళ్ల పాత పొడుగు పాటల పక్కన పెట్టడానికి నేను మొహమాటపడను.

మరి నిరాశ ఎక్కడ? పాటల ఎంపికలో. పూర్ ట్విస్టెడ్ మీ, రానీ, క్యూర్ లాంటివి తీసేస్తే ఎవరికీ లోటు తెలిసేది కాదు. విడ్డూరం ఏమిటంటే, వీటన్నిటికీ చోటు ఉంది గానీ చివరి పాట ది అవుట్‌లా టోర్న్‌కే చోటు చాలక, ఒక నిమిషం కోసేశారు. పూర్తి పాట తర్వాత ది మెమరీ రిమెయిన్స్ సింగిల్‌తో వచ్చింది. వినాలనుకుంటే ఆ పూర్తిదే వెతికి వినండి.

రీలోడ్ చాలావరకు ఆ రికార్డింగులలో మిగిలిన పాటలే. మొదట రెండూ కలిపి డబుల్ ఆల్బమ్‌గా వేద్దామనుకున్నారు. రెండూ కలిపితే 27 పాటలు, రెండున్నర గంటల పైమాటే. అంత అక్కర్లేదు. ఈ వరసలో ఒక ప్లేలిస్ట్ చేసుకోండి: ఫ్యూయల్, కింగ్ నథింగ్, అంటిల్ ఇట్ స్లీప్స్, ది మెమరీ రిమెయిన్స్, హీరో ఆఫ్ ది డే, బ్లీడింగ్ మీ, లో మ్యాన్స్ లిరిక్, ది అవుట్‌లా టోర్న్. మొత్తం 50 నిమిషాల చిల్లర. 1996లో ఇది వచ్చి ఉంటే గొడవ సగం తగ్గేది.

రిస్క్: రెంటికీ చెడ్డ రేవడి

గిటారిస్ట్ డేవ్ మస్టేన్‌ను 1983లో మెటాలికా నుంచి తీసేశారు. ఆ కసితోనే మెగాడెత్ పెట్టాడు. పదిహేనేళ్ల తర్వాత కూడా అతని చూపు పాత ఇంటి మీదే ఉందని చెప్పడానికి ఈ ఆల్బమ్ పేరే చాలు. మెగాడెత్ ఇంకాస్త రిస్క్ తీసుకోవాలని మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ అన్న మాట నుంచే ఆ పేరు పుట్టిందని మస్టేనే చెప్పుకున్నాడు.

1997లో నాష్‌విల్ నిర్మాత డ్యాన్ హఫ్‌తో చేసిన క్రిప్టిక్ రైటింగ్స్ బాగానే ఆడింది. అందులోని ట్రస్ట్ రేడియోలో తెగ మోగింది. అదే ఊపులో, అదే నిర్మాతతో ఇంకో నాలుగడుగులు వేశారు. అక్కడే కాలు జారింది.

రిస్క్ మొత్తం చెత్తేమీ కాదు. ఇన్‌సోమ్నియాలో తూర్పు దేశాల వాసన ఉన్న తీగల మెలిక ఒకటి ఉంది, చెవిలో ఉండిపోతుంది. వాండర్‌లస్ట్ పర్వాలేదు. బ్రెడ్‌లైన్ ఇంకెవరైనా పాడితే హిట్ అయ్యేదేమో. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మస్టేన్ గొంతు వెటకారానికి, పళ్లు కొరకడానికి పుట్టిన గొంతు. హ్యాంగర్ 18లో అది బ్లేడులా పనిచేసింది. ఐల్ బీ దేర్ లాంటి, జనమంతా కలిసి పాడాల్సిన పాటలో అదే గొంతు అద్దె చొక్కా వేసుకున్నట్టు ఉంటుంది. ఇక క్రష్ ఎమ్, స్టేడియంలో జనం కాళ్లు దడదడలాడించాలని రాసిన పాట. దాన్ని అమెరికాలో కుస్తీ షోకి వాడుకున్నారు. రస్ట్ ఇన్ పీస్ చేసిన చేతులే ఇది చేశాయంటే నమ్మబుద్ధి కాదు.

రేడియో వినేవాళ్లకు ఇది కొత్తగా అనిపించలేదు, మెటల్ వినేవాళ్లు మొహం చాటేశారు. మెగాడెత్ గిటారిస్ట్ మార్టీ ఫ్రీడ్‌మన్ ఆ తర్వాత కొద్ది నెలలకే వెళ్లిపోయాడు. 2001లో ది వరల్డ్ నీడ్స్ ఎ హీరోతో మస్టేన్ వెనక్కి తిరిగాడు.

ఎంపిక అడిగితే నా జవాబు వేరు: రిస్క్ బదులు క్రిప్టిక్ రైటింగ్స్ వినండి. షీ-వుల్ఫ్ చివర్లో రెండు గిటార్లు జతగా పరుగెత్తే చోటు ఒక్కటి చాలు. మెత్తబడినా మెగాడెత్‌లా ఉండటం సాధ్యమేనని ఆ ఆల్బమే రుజువు.

డయాబొలస్ ఇన్ మ్యూజికా: తిట్టినంత చెడ్డది కాదు

స్లేయర్ మారిందంటే అప్పట్లో ఎవరూ నమ్మలేదు. మారనందుకే ప్రసిద్ధి చెందిన బ్యాండ్ అది. గిటార్ ట్యూనింగ్ ఇంకా కిందికి దించారు, మధ్య వేగంలో ఊగే గ్రూవ్‌లు పెట్టారు, గాయకుడు టామ్ అరాయా కొన్ని చోట్ల దాదాపు ర్యాప్‌లా మాటలు విసిరాడు. సంగీతం చాలావరకు గిటారిస్ట్ జెఫ్ హానెమన్ రాశాడు. రెండో గిటారిస్ట్ కెర్రీ కింగ్ అప్పుడు తన మనసు పనిమీద లేదని తర్వాత ఒప్పుకున్నాడు.

బిటర్ పీస్ మొదలు మెల్లగా ఉంటుంది, తర్వాత పాత స్లేయర్ తలుపు తన్నుకుని లోపలికొస్తుంది. స్టెయిన్ ఆఫ్ మైండ్‌లో నూ మెటల్ ఛాయ బాగా కనబడుతుంది, కానీ రిఫ్ గట్టిది. డెత్స్ హెడ్ కూడా బాగుంటుంది. పాల్ బోస్టాఫ్ డ్రమ్స్ మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. మధ్యలో మాత్రం మూడు నాలుగు పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఏది ఎక్కడ ముగిసిందో తెలియదు. అదృష్టవశాత్తూ మొత్తం 40 నిమిషాలే, విసుగొచ్చేలోపు అయిపోతుంది. బరువు కావాలి, వేగం కాస్త తగ్గినా ఫర్వాలేదు అనుకునేవాళ్లకు ఈ అయిదింటిలో ఇదే సులువైన ఎంపిక.

ఎండొరామా: ఎవరూ చెప్పని మంచి ఆల్బమ్

క్రియేటర్ జర్మనీలోని ఎస్సెన్ నుంచి వచ్చింది. బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీల ప్రాంతం. 1986లో ప్లెజర్ టు కిల్ చేసినప్పుడు వాళ్లు కుర్రాళ్లు. ఆ ఆల్బమ్ విన్నవాళ్లు డెత్ మెటల్ బ్యాండ్‌లు పెట్టుకున్నారు. అంతటి బ్యాండ్ 1992లో రిన్యూవల్‌తో యంత్రాల మోతలాంటి ఇండస్ట్రియల్ సంగీతం వైపు తొంగిచూసి, 1999కి పూర్తిగా గోథిక్ రాక్‌లోకి దిగింది. టైటిల్ పాటలో లాక్రిమోసా బ్యాండ్ గాయకుడు టీలో వోల్ఫ్ కూడా గొంతు కలిపాడు.

ఇది అతికించిన మార్పులా ఉండదు. గాయకుడు మిల్లె పెట్రోజా అరవడం మానేసి, నిజంగా పాడటానికి కూర్చున్నాడు. గొప్ప గొంతేమీ కాదు, కాస్త బొంగురు, కాస్త బెరుకు. ఆ బెరుకే ఈ పాటలకు నప్పింది. గోల్డెన్ ఏజ్, చోజెన్ ఫ్యూ, ప్యాసేజ్ టు బాబిలోన్ లాంటివి ఏ గోథిక్ బ్యాండ్‌కైనా గర్వంగా ఉండే పాటలు. గిటార్ వాయించిన టామీ వెటర్లీ స్విట్జర్లాండ్ బ్యాండ్ కొరోనర్ మనిషి. ఆ చేతి పనితనం మెత్తటి చోట్ల కూడా తెలుస్తుంది.

నచ్చని విషయమూ ఉంది. సగం దాటాక పాటలన్నీ ఒకే వేగంలో, ఒకే మబ్బు కింద నడుస్తాయి. ఒక్కచోటైనా పిడుగు పడితే బాగుండేది. ప్లెజర్ టు కిల్ కోసం వచ్చినవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు, ముందే చెప్పేస్తున్నా. వాళ్లు నేరుగా 2001లో వచ్చిన వయొలెంట్ రెవల్యూషన్‌కి వెళ్లడం మంచిది. ఈ అయిదింటిలో తిరుగు ప్రయాణం అంత బాగా చేసిన బ్యాండ్ ఇంకోటి లేదు. ఎండొరామాలో నేర్చుకున్న రాగాలు ఆ థ్రాష్‌లోకి వచ్చి చేరాయని నాకు అనిపిస్తుంది. ఆ తర్వాతి క్రియేటర్‌లో గిటార్లు పాడటం మొదలుపెట్టాయి.

సెయింట్ యాంగర్: వినడం కంటే చూడటం మేలు

2001 జనవరిలో మెటాలికా బాస్ గిటారిస్ట్ జేసన్ న్యూస్టెడ్ వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు హెట్‌ఫీల్డ్ తాగుడు మాన్పించే చికిత్సకు వెళ్లాడు, పని ఆగిపోయింది. తిరిగొచ్చాక రోజుకు నాలుగు గంటలే పనిచేస్తానన్నాడు. బాస్ వాయించడానికి ఎవరూ లేక నిర్మాత బాబ్ రాక్ స్వయంగా వాయించాడు. ఇన్ని గొడవల మధ్య పూర్తయిన ఆల్బమ్ ఇది.

సమస్య మొదటి పది సెకన్లలోనే వినబడుతుంది. స్నేర్ డ్రమ్ అడుగున తీగలుంటాయి. అవే ఆ చప్పుడుకి "చర్ర్" అన్న పదును ఇస్తాయి. లార్స్ వాటిని వదులు చేసి ఉంచాడు, ఆ శబ్దమే బాగుందని అలాగే రికార్డు చేశారు. ఫలితంగా ప్రతి దెబ్బా ఖాళీ డబ్బా మీద పడినట్టు ఖణేల్‌మంటుంది. ఒక్క పాటకైతే సరదా. ఇది 75 నిమిషాలు.

దానికితోడు సోలోలు లేవు. హామెట్ లాంటివాణ్ణి పక్కన పెట్టుకుని ఒక్క సోలో కూడా లేకుండా ఆల్బమ్ చేశారు. సోలో తీసేస్తేనే ఈ ఆల్బమ్ ఆ కాలానికి అతుక్కుపోయి పాతబడుతుందని అతను వాదించడం 2004 డాక్యుమెంటరీ సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్‌లో చూడొచ్చు. అతని మాటే నిజమైంది.

పాటల్లో సత్తా లేదా అంటే, ఉంది. ఆల్ వితిన్ మై హ్యాండ్స్‌నే తీసుకోండి. ఆల్బమ్‌లో అది దాదాపు తొమ్మిది నిమిషాల అరుపు. అదే పాటను తర్వాత కచేరీల్లో ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పెట్టి నెమ్మదిగా వాయించారు. అది విన్నాక, లోపల ఇంత పాట దాగుందా అని ఆశ్చర్యమేస్తుంది. తమ ధార్మిక సంస్థకు కూడా ఆ పేరే పెట్టుకున్నారు. అంటే ఇక్కడ పచ్చి సరుకు దండిగానే ఉంది, వండటమే మానేశారు. నా వరసలో ఇది చివరిది.

మీరు ఎవరన్నదాన్నిబట్టి

నల్ల అట్ట ఆల్బమ్‌తో మెటాలికాలోకి వచ్చినవాళ్లకు ఆలోచన అక్కర్లేదు, పైన చెప్పిన ఎనిమిది పాటల లోడ్ ప్లేలిస్ట్‌తో మొదలుపెట్టండి. మీకు ఆ తేడా పెద్దగా తెలియదు కూడా.

గిటార్ పనితనం కోసమే థ్రాష్ వినేవాళ్లకు ఈ అయిదింటిలో ఏదీ పూర్తిగా తృప్తినివ్వదు. క్రిప్టిక్ రైటింగ్స్ వైపు వెళ్లండి. ఎండొరామాకి ఒక అవకాశం ఇవ్వండి.

వ్యాయామానికో, రాత్రి బండి మీద ఇంటికెళ్లేటప్పుడో వినాలంటే స్లేయర్. డిపెష్ మోడ్, పారడైజ్ లాస్ట్ లాంటివి ఇప్పటికే ఇష్టపడేవాళ్లకు ఎండొరామా లోడ్ కంటే ముందే నచ్చుతుంది. అసలు థ్రాష్ అలవాటే లేని స్నేహితుడికి ఏదైనా వినిపించాలనుకుంటే హీరో ఆఫ్ ది డే పెట్టండి, పారిపోడు.

వినైల్ కొనే అలవాటున్నవాళ్లకు: మన దగ్గర దిగుమతి రికార్డుల ధర తక్కువేం కాదు. ముందు ఫోన్లో రెండుసార్లు పూర్తిగా వినండి. రెండోసారి ఎక్కడా పాట దాటేయకపోతేనే డబ్బు పెట్టండి. ఈ పరీక్షలో రిస్క్, సెయింట్ యాంగర్ నెగ్గడం కష్టం.

సొంతంగా బ్యాండ్ పెట్టుకుని వాయిస్తున్న కుర్రాళ్లకు మాత్రం వరస తిరగబడుతుంది. మీరు ముందు సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్ చూడండి, ఆ తర్వాతే సెయింట్ యాంగర్ వినండి. ఆ ఆల్బమ్‌తో పాటు ఒక డీవీడీ ఇచ్చారు. కొత్తగా చేరిన రాబర్ట్ ట్రుహీయో బాస్ పట్టుకుని ఉండగా, రిహార్సల్ గదిలో అవే పాటలన్నీ వాయించిన వీడియో అది. సీడీలో విన్న పాటను వెంటనే ఆ వీడియోలో చూడండి. రికార్డింగ్ గదిలో తీసుకున్న నిర్ణయాలు ఎన్ని మార్చి ఉండొచ్చో పాటపాటకీ తెలుస్తుంది.